కడప గడప అయ్యే చోటు

సిస్టమ్ దానంతటదే ఆగిపోతోందని చెబితే రిపేరు షాపులో దొరికే మొదటి మందు ఫార్మాట్. మా ఇంటి మెషిన్‌కి నాలుగు నెలల్లో రెండుసార్లు ఆ మందు పడింది. మొదటిసారి వారం రోజులు బాగుంది, రెండోసారి రెండు రోజులు. 2019లో విడిభాగాలు కొని బిగించుకున్న డెస్క్‌టాప్ అది. రెండు 8 జీబీ ర్యామ్ స్టిక్‌లున్నాయి. పగలు నేను తెలుగు పేజీలు కంపోజ్ చేసుకుంటాను, సాయంత్రం పిల్లల వంతు. ఒకరోజు నీలి తెర మీద ‘మెమరీ మేనేజ్‌మెంట్’ అని వచ్చేది. మర్నాడు ‘పేజ్ ఫాల్ట్’. ఆ తర్వాత ఏదో డ్రైవర్ పేరు. మూడోసారి పట్టుకెళ్తే షాపు కుర్రాడు మళ్లీ ఫార్మాట్ అన్నాడు.

“తమ్ముడూ, మొన్న విండోస్ ఎక్కిస్తుంటేనే మధ్యలో ఆగిపోయిందిగా, దానికేమంటావ్?”

“పెన్‌డ్రైవ్ ప్రాబ్లమ్ అయ్యుంటుంది సార్.”

అతన్ని తప్పుపట్టలేను. పది కేసులు వస్తే ఎక్కువ వాటికి ఫార్మాట్‌తోనో డ్రైవర్ మార్పుతోనో పని జరిగిపోతుంది. మిగిలిన ఒకటి రెండు కేసులే ఇబ్బంది. ఆ ఇబ్బంది మీద దశాబ్దాలుగా ఇంజనీర్లు, పరిశోధకులు, గేములు రాసేవాళ్లు చాలానే తవ్విపోశారు. అదంతా ఒకచోట పెట్టి చూశాక నాకు తేలింది ఇది: ర్యామ్‌ని అనుమానించడంలో మనం బాగా ఆలస్యం చేస్తున్నాం, శిక్ష వేయడంలో మాత్రం తొందరపడుతున్నాం. చేయాల్సింది దీనికి తలకిందులు.

ముందు ర్యామ్ లోపల ఏముందో చూడాలి. ఇప్పుడు మనం వాడే డైనమిక్ ర్యామ్ ఐబీఎంలో రాబర్ట్ డెనార్డ్‌కి 1966లో తట్టిన ఆలోచన, 1968లో పేటెంట్ వచ్చింది. ఒక ట్రాన్సిస్టర్, ఒక కెపాసిటర్ కలిస్తే ఒక అర. కెపాసిటర్‌లో విద్యుదావేశం ఉందా లేదా అన్నదాన్ని బట్టి అది 1 లేదా 0, అంటే ఒక బిట్. చిక్కల్లా ఆ కెపాసిటర్ చిల్లు కుండ కావడమే. పోసింది పోసినట్టే కారిపోతుంటుంది. అందుకని ప్రతి అరనూ 64 మిల్లీసెకన్లలోపు ఒకసారి చదివి మళ్లీ నింపాలి. చిప్ వేడి 85 డిగ్రీలు దాటితే ఈ గడువు సగానికి పడిపోతుంది. 8 జీబీ స్టిక్ మీద ఇలాంటి కుండలు దాదాపు 6,872 కోట్లు. వాటిలో ఒక్కటి మిగతావాటికన్నా కాస్త త్వరగా కారిందనుకోండి, తంటా మొదలు.

ఒక్క బిట్‌తో ఏమవుతుందిలే అనిపిస్తుంది. తెలుగు అక్షరాలతోనే చూద్దాం. యూనికోడ్‌ని యూటీఎఫ్-8 పద్ధతిలో దాచినప్పుడు ‘క’కి మూడు బైట్లు పడతాయి, చివరిది 10010101. ‘గ’కి మొదటి రెండు బైట్లూ అవే, చివరిది 10010111. కుడి నుంచి రెండో అంకె తప్ప అంతా ఒకటే. ఆ ఒక్క అరలో 0 కాస్తా 1 అయితే కడప గడప అవుతుంది. స్పెల్‌చెక్ కిక్కురుమనదు, రెండూ మంచి తెలుగు మాటలే కదా. ఊరి పేరే గడప నుంచి వచ్చిందని చెప్పేవాళ్లున్నారు కాబట్టి ప్రూఫ్ చూసేవారు రచయిత చమత్కారం అనుకుని వదిలేసినా ఆశ్చర్యం లేదు. అంకెల్లో ఇంకా ఘోరం. 1 అనే అంకె 00110001, 9 అనేది 00111001. తేడా ఒకే బిట్, బిల్లులో ఎనిమిది వేలు.

అదే బిట్ ఒక చిరునామాలోనో ఒక ఆదేశంలోనో పడితే ప్రోగ్రామ్ లేనిచోటికి వెళ్లి తల కొట్టుకుంటుంది. మనకు నీలి తెర కనిపిస్తుంది. నన్నడిగితే నీలి తెరే నయం, కనీసం ఏదో జరిగిందని చెబుతుంది.

ఈ బిట్లు ఎందుకు తిరగబడతాయన్న ప్రశ్నకు మొదట దొరికిన జవాబు రేడియోధార్మికత. 1978లో ఇంటెల్‌లో తిమొతీ మే, మరే వుడ్స్ అనే ఇద్దరు, చిప్‌ని పొదిగే పదార్థంలోని యురేనియం, థోరియం ఆనవాళ్లే ఆల్ఫా కణాలు విసిరి బిట్లు మారుస్తున్నాయని తేల్చారు. మరుసటి ఏడాది ఐబీఎంకి చెందిన జేమ్స్ జీగ్లర్, యేల్‌కి చెందిన విలియం లాన్‌ఫోర్డ్ కాస్మిక్ కిరణాల మీద వేలు పెట్టి చూపించారు. పదార్థాలు శుద్ధి చేసుకోవచ్చు గానీ ఆకాశానికి మూత పెట్టలేం. ఈ కథలో అందరూ చెప్పే ఘట్టం బెల్జియంలోది. 2003 మే ఎన్నికల్లో స్కార్‌బేక్‌లో ఒక అభ్యర్థికి ఉండాల్సినదానికన్నా 4,096 ఓట్లు ఎక్కువ పడ్డాయి. 4,096 అంటే 2ని పన్నెండుసార్లు గుణిస్తే వచ్చేది, సరిగ్గా ఒక్క బిట్ విలువ. సాఫ్ట్‌వేర్‌లో తప్పు దొరకలేదు. కాస్మిక్ కిరణమే అయ్యుంటుందన్నారు. నిర్ధారణ మాత్రం లేదు.

కథ బాగుంది. బాగుండటమే దాంతో వచ్చిన చిక్కు. అంతరిక్షం నుంచి వచ్చిన కణం అనగానే ఎవరి పూచీ లేకుండా పోతుంది, ఒకసారి జరిగింది మళ్లీ జరగదులే అనిపిస్తుంది. ఆ ధీమాకి గండి కొట్టింది 2009లో వచ్చిన పరిశోధన. టొరంటో విశ్వవిద్యాలయం నుంచి బియాంకా ష్రోడర్, గూగుల్ నుంచి ఎడ్వార్డో పినేరో, వుల్ఫ్ డీట్రిచ్ వెబర్ కలిసి, గూగుల్ సర్వర్లలో రెండున్నరేళ్ల పాటు నమోదైన మెమరీ తప్పుల్ని లెక్కగట్టారు. ఏడాదిలో మూడోవంతు మెషిన్లలో కనీసం ఒక తప్పు దొర్లింది. విడి స్టిక్‌లుగా చూస్తే 8 శాతం పైచిలుకు. అప్పటిదాకా ప్రయోగశాలలు చెబుతూ వచ్చిన అంకెల కన్నా ఇవి ఎన్నో రెట్లు ఎక్కువ. అసలు సంగతి వేరే ఉంది. ఈ తప్పులు అందరికీ సమానంగా పంచినట్టు లేవు. ఒకసారి తప్పు చేసిన స్టిక్ అదే నెలలో మళ్లీ చేసే అవకాశం, చేయనిదానితో పోలిస్తే పదుల నుంచి వందల రెట్లు ఎక్కువ. ఆకాశం ఒకే స్టిక్ మీద పగబట్టదు కదా. చెడిపోతున్నది స్టిక్కే.

ఆ పరిశోధనలో వేడి ప్రభావం పెద్దగా కనిపించలేదు. దాన్ని పట్టుకుని వేడితో సంబంధమే లేదనేవాళ్లున్నారు. డేటా సెంటర్ చల్లదనంలో ఉన్న మెషిన్ల లెక్క అది. మే నెలలో రెంటచింతలలో ఫ్యాన్ కింద, దుమ్ముపట్టిన క్యాబినెట్‌లో ఉన్న మెషిన్‌కి దాన్ని ఉన్నదున్నట్టు అన్వయించలేం.

మన ఇళ్లలోని మెషిన్లకి దగ్గరగా వచ్చిన అధ్యయనం 2011లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు నైటింగేల్, డౌసర్, ఆర్గొవాన్‌లది. దాదాపు పది లక్షల మామూలు పీసీలు పంపిన క్రాష్ నివేదికలు తిరగేశారు. వాళ్లు పట్టిన కిటుకు నాకు భలే నచ్చింది. క్రాష్ సమయంలో మెమరీలో ఉన్న విండోస్ కోడ్‌ని అసలు కోడ్‌తో పోల్చారు. ఆ కోడ్‌ని ఎవరూ మార్చకూడదు, కాబట్టి ఒక్క బిట్ తేడా ఉన్నా అది హార్డ్‌వేర్ పనే. మొత్తం మెమరీలో ఆ కోడ్ ఉండేది చిన్న భాగం, అంటే వాళ్లకి చిక్కినవి కొన్నే. అయినా వచ్చిన ఫలితం గూగుల్ లెక్కతో చెయ్యి కలిపింది: హార్డ్‌వేర్ లోపంతో ఒకసారి కూలిన మెషిన్ మళ్లీ కూలే అవకాశం వంద రెట్ల దాకా పెరుగుతుంది. ఓవర్‌క్లాక్ చేసినవి, అంటే నిర్ణీత వేగానికి మించి పరిగెత్తించినవి, ఎక్కువ కూలాయి, ల్యాప్‌టాప్‌ల కన్నా డెస్క్‌టాప్‌లు ఎక్కువ, పేరున్న కంపెనీ మెషిన్ల కన్నా అసెంబుల్డ్‌వి ఎక్కువ. ఆ ఆఖరి ముక్క చదివినప్పుడు నా క్యాబినెట్ వైపు ఒకసారి చూశాను.

అంతకు ముందే, 2005లో, మైక్రోసాఫ్ట్‌లోనే రేమండ్ చెన్ ఇలాంటిదే ఒకటి రాశారు. వచ్చిన క్రాష్ నివేదికల్లో కొన్ని, ఒక రిజిస్టర్‌ని సున్నా చేసే ఆదేశం దగ్గర ఆగిపోయినట్టు చూపించాయట. ఆ ఆదేశం మెమరీ జోలికే పోదు, విఫలమయ్యే దారే లేదు. ఆ మెషిన్ల యజమానులను అడిగితే చాలామందివి ఓవర్‌క్లాక్ అయి ఉన్నాయి. కొందరికి ఆ సంగతే తెలియదు, అమ్మినవాడు చేసి అమ్మాడు. గిల్డ్ వార్స్ అనే గేమ్ రాసినవాళ్లది మరో దారి. అర్థంకాని బగ్ నివేదికలతో విసిగి, జవాబు ముందే తెలిసిన లెక్కల్ని ఆటగాళ్ల మెషిన్ల చేత చేయించే చిన్న ముక్కని గేమ్‌లోనే పెట్టారు. వందలో ఒక మెషిన్ ఆ లెక్క తప్పింది.

ఇంత తెలిశాక కూడా, మన ముందున్న మెషిన్ ఆ కోవలోదో కాదో ఎలా తేల్చడం? 1990ల్లో లినక్స్ వాడేవాళ్లకి రోజియర్ వోల్ఫ్ ఒక సులువు చెప్పారు. అప్పట్లో కెర్నల్‌ని ఎవరి మెషిన్ మీద వాళ్లే కంపైల్ చేసుకునేవారు, అది మధ్యలో ‘సిగ్నల్ 11’ అని ఆగిపోయేది. మళ్లీ మొదలుపెట్టి చూడండి, ప్రతిసారీ ఒకేచోట ఆగితే సాఫ్ట్‌వేర్, చోటు మారుతుంటే హార్డ్‌వేర్ అన్నారాయన. ముప్పై ఏళ్లు కావస్తున్నా దీన్ని మించిన తొలి పరీక్ష నాకు కనపడలేదు. ప్రతిసారీ ఒకే డ్రైవర్ పేరు వస్తుంటే డ్రైవర్‌ని చూడండి. గేమ్ ఆడినప్పుడే కూలుతుంటే గ్రాఫిక్స్ కార్డో ఎస్‌ఎంపీఎస్సో. పేరు రోజుకొకటి మారుతూ, జిప్ ఫైళ్లు తెరుచుకోక, బ్రౌజర్ ట్యాబ్‌లు వాటంతటవే పోతూ, విండోస్ ఎక్కిస్తుంటేనే మొరాయిస్తుంటే మాత్రం ర్యామ్ మీద అనుమానం ఆ రోజే రావాలి.

రాదు. లినక్స్ సృష్టికర్తకే రాలేదు. 2022 అక్టోబరులో 6.1 కెర్నల్ పనిలో ఉండగా లీనస్ టోర్వాల్డ్స్ మెషిన్ మీద కంపైలర్ తలాతోకా లేకుండా కూలడం మొదలుపెట్టింది. కొత్తగా చేర్చిన కోడ్‌లో బగ్ అనుకుని ఆయన కొంతకాలం దాని వెంటపడ్డారు. చివరికి చూస్తే రెండున్నరేళ్ల కిందట పెట్టిన ర్యామ్ స్టిక్ ఒకటి పోయింది. కొత్తవి వచ్చేదాకా ల్యాప్‌టాప్ మీద నెట్టుకొచ్చారు. అంతకు ముందు ఏడాది జనవరిలోనే, మామూలు పీసీలకి తప్పులు దిద్దే మెమరీ అందకుండా చేశారని ఆయన ఇంటెల్ మీద మండిపడి ఉన్నారు. అంత తెలిసినాయన మెషిన్‌లోనూ అప్పటికి ఉన్నది మామూలు ర్యామే.

పరికరాల సంగతికొస్తే, విండోస్‌లో విస్టా కాలం నుంచి మెమరీ డయాగ్నస్టిక్ ఉంది. రీస్టార్ట్ అయి పరీక్ష చేసుకుంటుంది, ఫలితాన్ని ఈవెంట్ వ్యూయర్‌లో రాసిపెడుతుంది. అక్కడికెళ్లి చూడాలని తెలియక చాలామంది ఏమీ రాలేదు కాబట్టి బాగానే ఉందనుకుంటారు. స్థూలంగా పోయిన ర్యామ్‌ని అది పడుతుంది, సూక్ష్మంగా పోయినదాన్ని వదిలేస్తుంది. దాని మీదే ఆధారపడటం నాకు నచ్చదు. గట్టిది కావాలంటే మెమ్‌టెస్ట్. క్రిస్ బ్రేడీ 1990ల్లో రాసిన ప్రోగ్రామ్ ఇప్పుడు రెండు పాయలు. మెమ్‌టెస్ట్86 అనే పాయ 2013 నుంచి పాస్‌మార్క్ చేతిలో ఉంది, ఉచితంగా దొరికేది నాలుగు పాస్‌ల (పూర్తి రౌండ్ల) దగ్గర ఆగుతుంది. మెమ్‌టెస్ట్86 ప్లస్ అనేది 2004లో శామ్యూల్ డెమ్యులమీస్టర్ విడిగా మొదలుపెట్టినది. కొన్నేళ్లు మూలనపడి, 2022లో కొత్తగా రాసిన 6వ వెర్షన్‌తో లేచింది. రెండూ పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా బూట్ అవుతాయి. అందులోనే ఉంది వాటి బలం. విండోస్ లోపల నడిచే పరీక్షలు విండోస్ కూర్చున్న చోటుని తడమలేవు.

ఇవి చేసే పని పైకి వెర్రిగా కనిపిస్తుంది. అన్ని అరల్లో సున్నాలు రాసి చదువుతాయి, ఒకట్లు రాసి చదువుతాయి. అయితే ర్యామ్ తప్పులు చాలావరకు ఒంటరి అరలో ఉండవు, పక్కింటి గొడవలు. పక్క అరలో 1 రాస్తే ఈ అరలో 0 చెదరడం లాంటివి. అందుకే ఒక నమూనాని మొత్తం నింపి, కింది నుంచి పైకి ఒక్కో అరనూ చదివి తిరగేసి రాసుకుంటూ పోయి, మళ్లీ పై నుంచి కిందికి అదే చేస్తాయి. ఇంకో పరీక్ష రాసి ఊరుకుంటుంది. కొన్ని నిమిషాలాగి ఏమైనా కారిపోయిందా అని చూస్తుంది. ఒకే వరుసని పదేపదే తట్టి పక్క వరుసలు చెదురుతాయేమో చూసేది రోహ్యామర్ పరీక్ష. 2014లో కార్నెగీ మెలన్, ఇంటెల్ పరిశోధకులు 129 స్టిక్‌ల మీద ఇలా చేస్తే 110 చెదిరాయి. మరుసటి ఏడాది గూగుల్ వాళ్లు దాన్నే కన్నంగా వాడి సిస్టమ్‌లోకి చొరబడొచ్చని చూపించారు.

నా మెషిన్‌కి శనివారం రాత్రి పది గంటలకు పెట్టాను. మొదటి పాస్ శుభ్రం. రెండోదీ శుభ్రం. షాపు కుర్రాడికి మనసులోనే క్షమాపణ చెప్పుకుని పడుకోబోయి, ఎందుకో వదిలేశాను నడవనీ అని. తెల్లవారుజామున లేచి చూస్తే నల్లటి తెర మీద మూడు ఎర్ర గీతలు. మూడింట్లోనూ ఒకే చిరునామా, ఒకే బిట్. రావాల్సిన 1 బదులు 0 వచ్చింది. మిగతా కోట్ల అరలన్నీ సక్రమంగానే ఉన్నాయి. ఒకట్రెండు పాస్‌లు తిప్పి బాగుందని చెప్పడం ఎంత ప్రమాదమో అప్పుడర్థమైంది. ఈ పరీక్ష దోషిని పట్టగలదు గానీ నిర్దోషి అని సర్టిఫికెట్ ఇవ్వలేదు. రాత్రంతా నడిపి శుభ్రంగా వస్తే అనుమానం తగ్గుతుంది, అంతే.

ఎర్ర గీత కనపడగానే ర్యామ్ కొనడానికి పరిగెత్తడం రెండో తప్పు. ఆ గీత చెబుతున్నది రాసింది చదివినట్టు రాలేదని మాత్రమే. దారిలో స్టిక్‌తో పాటు స్లాట్ ఉంది, మదర్‌బోర్డ్ గీతలున్నాయి, ప్రాసెసర్‌లో మెమరీ కంట్రోలర్ ఉంది, వీటన్నిటికీ కరెంటిచ్చే ఎస్‌ఎంపీఎస్ ఉంది. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ని డబ్బా మీది వేగంతో నడిపే ప్రొఫైల్, ఆన్ చేసి ఉంటే ముందు దాన్ని తీసెయ్యాలి. డబ్బా మీద 3200 అని రాసి ఉన్నా, ఆ ప్రొఫైల్‌తో నడపడం అంటే చాలా సందర్భాల్లో ఓవర్‌క్లాకే. తీసేశాక తప్పులు పోతే స్టిక్ మంచిదే, వేగమే దానికి ఎక్కువైంది.

స్టిక్‌ని ఊడదీసి మళ్లీ బిగించడం కూడా వైద్యమే. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి మండల కేంద్రంలోని చిన్న కొట్టు దాకా మన టెక్నీషియన్లందరి జేబులో ఒక రబ్బరు ఉంటుంది. స్టిక్ తీసి, బంగారు పూత కాళ్లని దాంతో రుద్ది, ఉఫ్ అని ఊది పెడతారు. చదువుకున్నవాళ్లు నవ్వుతారు గానీ అందులో పస ఉంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఆ కాళ్ల మీద పేరుకునే మకిలి నిజం. రుద్దడం వల్ల బాగుపడిందా, తీసి గట్టిగా నొక్కడం వల్లా అన్నది మాత్రం ఎవరూ విడదీసి చూడరు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే పూత అరగదు. ఉఫ్ మాత్రం వద్దు, నోటి తడి వెళ్తుంది.

నేను ఎక్స్‌ఎంపీ తీసేసి చూశాను, గీత మళ్లీ వచ్చింది. ఆ తర్వాత రెండు స్టిక్‌లు, రెండు స్లాట్‌లు, నాలుగు రాత్రులు. మొదటి స్టిక్ ఏ స్లాట్‌లో పెట్టినా తప్పింది, రెండోది ఎక్కడ పెట్టినా నిలబడింది. స్టిక్‌తో పాటు తప్పు నడిస్తే దోషం స్టిక్‌ది. స్లాట్‌లోనే ఉండిపోతే బోర్డుదో ప్రాసెసర్‌దో. ఇంతకన్నా శాస్త్రం అక్కర్లేదు, ఓపిక కావాలి. ఓపిక లేకపోతే ఏమవుతుందో ఇంటెల్ 13, 14వ తరం ప్రాసెసర్ల వ్యవహారం చూపించింది. వాటి మీద కొన్ని గేములు ‘వీడియో మెమరీ చాలడం లేదు’ అంటూ కూలిపోయేవి. తెర మీద మెమరీ అని ఉంది కాబట్టి గ్రాఫిక్స్ కార్డులు, ర్యామ్‌లు మార్చినవాళ్లున్నారు. చెడింది ప్రాసెసర్. అవసరానికి మించిన వోల్టేజీ వల్ల అవి అరిగిపోతున్నాయని 2024లో ఇంటెల్ ఒప్పుకుంది, మైక్రోకోడ్ దిద్ది వారంటీ రెండేళ్లు పొడిగించింది.

ఇంత అవస్థ సర్వర్ల వాళ్లకి లేదు. బెల్ ల్యాబ్స్‌లో శనాదివారాలు నడవనిచ్చిన లెక్కలు మధ్యలో ఆగిపోతుంటే ఒళ్లుమండి రిచర్డ్ హామింగ్ కనిపెట్టి, 1950లో ప్రచురించిన పద్ధతి వాళ్లకి కాపలా. ప్రతి 64 బిట్లకి మరో 8 జోడిస్తే ఒక బిట్ తప్పుని దిద్దొచ్చు, రెండు తప్పితే కనీసం పసిగట్టొచ్చు. అదే ఈసీసీ. అది లేకుండా పెద్ద పని పెట్టుకున్నవాళ్లకి బుద్ధొచ్చింది. 2003లో వర్జీనియా టెక్‌లో శ్రీనిధి వరదరాజన్ నాయకత్వంలో 1,100 పవర్ మ్యాక్ జీ5లు కలిపి ప్రపంచంలో మూడో వేగవంతమైన సూపర్‌కంప్యూటర్ కట్టారు. ఆ మ్యాక్‌లలో ఈసీసీ లేదు. మరుసటి ఏడాదే అన్నింటినీ తీసేసి ఈసీసీ ఉన్నవి పెట్టుకున్నారు. కొత్త తరం ర్యామ్ డీడీఆర్5లో ఈసీసీ చిప్‌లోనే ఉందిగా అని ఇప్పుడు అమ్మేవాళ్లు అంటారు. ఉంది, చిప్ లోపలి తప్పు వరకే. చిప్ నుంచి ప్రాసెసర్ దాకా దారిలో జరిగేదానికి దాని కాపలా లేదు, లోపల ఎన్ని దిద్దిందో మామూలుగా సిస్టమ్‌కి చెప్పదు కూడా. అసలు ఈసీసీకి అదనంగా పడేది స్టిక్ మీద ఒకటో రెండో చిప్‌ల ఖర్చు. దానికి సర్వర్ అనే ముద్ర వేసి విడిగా అమ్ముకోవడం వ్యాపారం తప్ప సాంకేతిక అవసరం కాదన్న టోర్వాల్డ్స్ మాటకే నా ఓటు.

చెడిన చిరునామా తెలుసు కాబట్టి దాన్ని వాడొద్దని సిస్టమ్‌కి చెప్పే వీలుంది. లినక్స్‌లో గ్రబ్ దగ్గర, విండోస్‌లో బూట్ సెట్టింగుల్లో. కొత్త స్టిక్ వచ్చేదాకా గడుపుకోవడానికి పనికొస్తుంది, కాపురం చేయడానికి కాదు. ఒక అర కారడం మొదలైతే పక్కవి ఎంతకాలం ఆగుతాయో గూగుల్ లెక్కలు చూశాక నాకు నమ్మకం లేదు. స్టిక్ మీద స్టిక్కర్ చింపకుండా ఉంటే వారంటీ అడగొచ్చు. పేరున్న కంపెనీలు చాలావరకు లైఫ్‌టైమ్ అంటాయి. జతగా కొన్నవాటికి రెండూ పంపమని అడగడం కూడా ఉంది.

నాకు ఇరవై రోజుల్లో కొత్తది వచ్చింది, మెషిన్ నిలబడింది. అప్పుడు గుర్తొచ్చింది, ఆ నాలుగు నెలల్లో ఆ మెమరీ గుండా వెళ్లి డిస్క్‌లో పడిన ఫైళ్ల సంగతి. బ్యాకప్‌లున్నాయి, అవీ ఆ మెమరీ గుండానే వెళ్లాయి. అంతకు ముందు పెన్‌డ్రైవ్‌లో వేరేగా దాచినవాటితో పోల్చి చూస్తే మార్చిన జ్ఞాపకం లేని ఫోటోలు రెండు తేలాయి, ఒకదానికి కింద సగం బూడిద రంగు తిరిగింది. వ్యాసాలకి అలా పోల్చుకోవడానికి అసలు ప్రతి లేదు, ఆ నెలల్లోనే టైప్ చేసినవి. కూర్చుని చదివాను. రాయలసీమ మీద రాసినదాంట్లో పదకొండు చోట్ల కడప అని ఉంది, ఒకచోట గడప అని. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మీద గ మీట సరిగ్గా క మీట పై వరుసలో, ఆనుకునే ఉంటుంది.